కూషు దేశపు మనిషి

కుసుమకుమారి చదువుకున్న తరగతిలో ఇద్దరు కుసుమలుండేవారు. తెనాలి మిషన్ స్కూల్లో హాజరు పిలిచే పంతులమ్మ ఒకరిని ఎర్ర కుసుమ అనీ, ఇంకొకరిని నల్ల కుసుమ అనీ పిలిచేది. ఈమె నల్ల కుసుమ. అది తిట్టేమీ కాదు, గుర్తు కోసం అంతే అని అందరూ అనుకునేవారు. ఆమె కూడా అలాగే అనుకుంది. యాభై ఏళ్ల తర్వాత హైదరాబాద్ కొత్తపేటలో, మేడ మీది గదిలో, టాంజానియా నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఆ సంగతి మొదటిసారి చెప్పింది. అప్పటిదాకా ఆ పేరు తనలో ఎక్కడో ఉండిపోయిందని ఆమెకే తెలియదు.

కుసుమ వాళ్లమ్మ ఊరూరా తిరిగి వాక్యం చెప్పే సువార్తికురాలు. మిషన్ కాంపౌండులో ఉండే దొరసానమ్మ స్వదేశం వెళ్లిపోతూ ఆమెకు ఒక రేకుపెట్టె ఇచ్చింది. దాన్నిండా కాగితపు బొమ్మలు. ప్రవక్తలు, రాజులు, జాలరులు, గొర్రెలు. ప్రతి బొమ్మ వీపుకూ నూగున్న గుడ్డ అంటించి ఉండేది. చెక్క మీద నీలం ఫ్లానెల్ గుడ్డ బిగించి, దాని మీద బొమ్మను పెట్టి అరచేత్తో ఒత్తితే అతుక్కునేది. వాళ్లమ్మ కథ చెబుతూ ఒక్కో బొమ్మనూ అతికిస్తుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవారు. ఆ బొమ్మల్లో మనుషులందరికీ గులాబిరంగు బుగ్గలు, తేనెరంగు జుట్టు. దేవుడి ఊళ్లో మనుషులు అలా ఉంటారు కాబోలనుకునేది చిన్న కుసుమ. ఆ బొమ్మలు చూసి గీసీ గీసీ చివరికి డ్రాయింగ్ టీచరైంది.

పెళ్లయ్యాక భర్త దేవదానంతో హైదరాబాద్ వచ్చింది. ఆయన కొత్తపేట పళ్ల మార్కెట్ పక్కన లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా. పిల్లలు కలగలేదు. శివమ్మగారింట్లో మొదటి అంతస్తులో కిరాయికి దిగి పాతికేళ్లు అక్కడే ఉండిపోయారు. శివమ్మ ఆ నేలకు పాతకాపు. "గీ జాగంత మా మామ ద్రాక్షతోట. నేను కోడలిగ ఒచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాక తోటలే కనవడుతుండె" అని ఎన్నోసార్లు చెప్పేది. కుసుమ చూసేటప్పటికి తోటలు లేవు, మార్కెట్ ఉంది. ఏప్రిల్ వస్తే వీధి వీధంతా మామిడిపళ్ల వాసన. సాయంత్రం దేవదానం దెబ్బతిన్న బంగినపల్లి పళ్లు సంచీలో వేసుకొచ్చేవాడు. ఇద్దరూ మేడ మెట్ల మీద కూర్చుని, మోచేతుల దాకా రసం కారుతుంటే తినేవారు. ఆదివారం ఎల్బీనగర్‌లో రేకుల షెడ్డు చర్చి. చర్చి వెనక వరండాలో కుసుమ టీచర్ సండే స్కూలు. రేకుపెట్టెను దేవదానమే స్కూటరు మీద మోసుకొచ్చేవాడు. ఆ రోజుల్లో ఆమెను ఏం కావాలని ఎవరైనా అడిగితే, ఏదీ గుర్తుకొచ్చేది కాదేమో.

2021 మే నెలలో, కరోనా రెండో వేవ్‌లో దేవదానం పోయాడు. ముఖం కూడా సరిగ్గా చూడనివ్వలేదు. ఆ ఏడాదే పళ్ల మార్కెట్టును బాటసింగారం తరలించారు. పొద్దున్నే లారీల హారన్లకు విసుక్కునే వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. కుసుమ దువ్వెన చేతిలో పట్టుకుని, జడ ఎలా వేసుకోవాలో మరిచిపోయినదానిలా గంటలకొద్దీ మంచం అంచున కూర్చునేది. సంఘంలోని ఆడవాళ్లు వచ్చి పాటలు పాడి వెళ్లారు. పాస్టర్ ధనరాజ్ వచ్చి మోకరించి ప్రార్థన చేసి, "విశ్వాసం గట్టిగ ఉంటే నిరాశకు చోటుండదు టీచరమ్మా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మాట తర్వాత ఆమెకు దుఃఖంతోపాటు సిగ్గు కూడా తోడైంది. ప్రార్థన చేయబోతే మాటలు వచ్చేవి కావు.

ఏడెనిమిది నెలలు అలా గడిచాక ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మలక్‌పేటలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లింది. ఆవిడ రాసిన మాత్రలు వంటింట్లో పసుపు డబ్బా వెనక దాచుకుని వేసుకుంది. మెల్లగా నిద్ర పట్టింది, ఆకలి తెలిసింది. సండే స్కూలుకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది. బొమ్మలు గీయడం మాత్రం తిరిగి రాలేదు. మాత్రల సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు.

నీమా వచ్చింది ఆ తర్వాతే.

"టీచరమ్మా, మేడ మీది రూముకు ఒక పిల్ల అడుగుతున్నది" అంది శివమ్మ ఒకరోజు పైకొచ్చి. "ఆఫ్రికా పిల్లనట. ఫార్మసీ చదువుతదట. పక్కింటోళ్లేమో ఒద్దంటున్నరు, గసొంటోళ్లకు ఇయ్యొద్దంటున్నరు. నాకేం సమజైతలేదు. మీ చర్చి పిల్లనే అంటున్నది. జర మాట్లాడి చూడు."

కింద గేటు దగ్గర నీమా నిలబడి ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి. పొడవాటి మనిషి. సన్నసన్నగా అల్లిన జడలన్నీ వెనక్కి కట్టుకుంది. అంతకుముందు తొమ్మిది ఇళ్లలో లేదనిపించుకుని వచ్చింది కాబట్టి నవ్వడం మానేసి నిలబడింది. కుసుమ తనకొచ్చిన ఇంగ్లీషులో పేరు అడిగింది, ఊరు అడిగింది. ఊరి పేరు మోషి అని చెప్పగానే కుసుమకు నవ్వొచ్చింది. బైబిల్లో ఇశ్రాయేలీయులను నడిపించిన పెద్దమనిషి పేరులా వినిపించింది మరి. నీమా అంటే వాళ్ల భాషలో కృప అట.

"మా తెనాలిలో కృప అని నాకొక పిన్ని ఉండేది" అంది కుసుమ. అప్పుడు నవ్వింది నీమా.

"మంచి పిల్లేనండీ" అని శివమ్మతో చెప్పింది.

"నువ్వు చెప్పినవ్, చాలు. గా పక్కింటోళ్లు ఒచ్చి మా ఇంట్ల ఉంటరా ఏంది?" అని శివమ్మ తాళం తీసిచ్చింది. నీమా పేరు ఆమె నోట నిమ్మమ్మ అయిపోయింది. వాళ్ల దేశంలో పెద్దావిడను మామా అంటారు. నీమా 'మామా కుసుమా' అని పిలిచిన మొదటిసారి శివమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "ఆడమనిషిని వట్టుకొని మామ అంటదేంది రా నాయనా!"

ఆదివారాలు ఇద్దరూ మెట్రోలో ఎల్బీనగర్ వెళ్లేవారు. నీమా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చునేవారు కాదు. కుర్రాళ్లు ఫోను పైకెత్తి ఫోటో తీసేవారు. ఒకసారి ఒకావిడ అడగకుండానే జడ పట్టుకుని లాగి చూసింది. "అలవాటే" అనేది నీమా. చర్చిలో ఆమె పాడితే రేకుల షెడ్డంతా నిండిపోయేది. పాస్టర్ ధనరాజ్ సండే స్కూల్లో సాయం చేయమన్నాడు.

ఆ వారం సృష్టి కథ. వెలుగు, నీళ్లు, చెట్లు, పక్షులు, చివరికి ఆదాము హవ్వలు. బొమ్మలన్నీ బోర్డుకు అతికించాక తేజస్విని అనే ఏడేళ్ల పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, ఈ అక్కను దేవుడు ఏ దినం చేసిండు? బోర్డు మీద ఈ అక్క అసొంటోళ్లు ఒక్కరు గుడ లేరు."

పిల్ల నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ కళ్లలో వెక్కిరింత లేదు. నీమా కుసుమ వైపు తిరిగి ఏమంటోందని అడిగింది.

"నీ జుట్టు చాలా బాగుందంటోంది" అంది కుసుమ.

నీమా తలూపింది. బోర్డు మీది బొమ్మల వైపు చూసింది.

రెండు నెలల తర్వాత, ఒక శనివారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఒకావిడ ఫోను కనిపించలేదని కేకపెట్టింది. పక్కనే నిలబడి ఉన్న నీమా చుట్టూ క్షణంలో జనం మూగారు. ఎవరో ఆమె బ్యాగు లాగి రోడ్డు మీద బోర్లించారు. పుస్తకాలు, టిఫిన్ డబ్బా, శానిటరీ ప్యాడ్లు అన్నీ నలుగురి కాళ్ల మధ్యా పడ్డాయి. ముప్పై మంది వీడియో తీశారు. అంతలో ఆవిడ కూరగాయల సంచీలోనే, కొత్తిమీర కింద, ఫోను మోగింది. నవ్వులు వినిపించాయి. బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయారు. నీమా ఒక్కతే వంగి తన సామాను ఏరుకుంది.

ఇదంతా కుసుమకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం శివమ్మ వచ్చి, "టీచరమ్మా, నిమ్మమ్మ మూడు దినాల సంది కిందికి దిగలే. నీళ్లు గుడ పట్టుకపోలే. జ్వరమొచ్చిందో ఏమో. నాకు పరేషాన్ అయితున్నది" అని చెప్పింది.

కుసుమ పైకి వెళ్లి తలుపు తట్టింది. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆ గది వాసన కుసుమకు తెలుసు. దువ్వెన పట్టుకుని కూర్చున్న నెలల్లో తన గదిలో ఉన్న వాసనే అది. నీమా గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. బయటికి వెళ్దామని చెప్పులు వేసుకుంటే చాలు, గుండె దడదడలాడి ఊపిరి అందడం లేదట. మెట్ల దాకా వచ్చి మూడుసార్లు వెనక్కి వెళ్లిందట.

"ప్రార్థన చేశాను" అంది నీమా. "ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ కూడా ప్రార్థన చేయమనే అంది. నాలో ఏదో పాపం ఉందేమో మామా."

కుసుమ కిందికి వెళ్లింది. పసుపు డబ్బా వెనకనుంచి మాత్రల అట్ట తీసుకుని మళ్లీ పైకి వచ్చింది.

"ఇవి నావి" అంది. "ఏడాదికి పైగా వేసుకుంటున్నాను. మా పాస్టరుగారికి తెలియదు. శివమ్మగారికి తెలియదు. నీకే మొదట చెప్పడం."

నీమా ఆ అట్టను తిప్పి తిప్పి చూసింది. ఫార్మసీ పిల్ల కాబట్టి పేరు చదవగానే తెలిసింది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే బస్టాపు సంగతంతా చెప్పింది. చివర్లో కళ్లు తుడుచుకుని, "ఆ రోజు ఆ చిన్న పిల్ల నా జుట్టు గురించి అడగలేదు కదూ?" అంది.

ఇక అబద్ధం చెప్పలేకపోయింది కుసుమ. తేజస్విని ఏమడిగిందో ఉన్నదున్నట్టు చెప్పింది. ఎందుకు దాచిందో చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తెనాలి బడి దగ్గర మొదలుపెట్టింది. ఎర్ర కుసుమ, నల్ల కుసుమ. ఎర్ర కుసుమకు క్రిస్మస్ నాటకంలో ఎప్పుడూ దేవదూత వేషం. తనకు ఎప్పుడూ గొర్రెలకాపరి వేషం. గొంగళి కప్పుకుని, ముఖం కనపడకుండా. ఇంగ్లీషు చాలక తెలుగులోకి దిగిపోయింది. నీమాకు ఎంత అర్థమైందో గాని, లేచి కిటికీ తలుపు తెరిచింది.

మలక్‌పేట డాక్టరు దగ్గరికి ఆటోలో వెళ్లారు. నీమా దారి పొడవునా కుసుమ చెయ్యి వదల్లేదు. డాక్టరు అన్నీ విని మాత్రలు రాసింది. వారానికొకసారి వచ్చి మాట్లాడి వెళ్లమంది. చేతులకు ఏదైనా పని చెప్పమని కూడా అంది.

పాస్టర్ ధనరాజ్ కబురు తెలిసి వచ్చాడు. కుసుమ ముందే సిద్ధపడి ఉంది. ఆయన ప్రార్థన ముగించి లేవగానే, "అయ్యగారూ, ఈ పిల్ల మందులు వాడుతోంది. నేనూ వాడుతున్నాను" అంది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ ఆయన పోయినప్పుడు నేనొక మాట అన్న" అన్నాడు. "అంటే ధైర్యం ఒస్తదనుకున్న. గుర్తున్నదా టీచరమ్మా?"

"గుర్తుందండి."

"తప్పు మాట. మా తమ్మునికి గుడ అదే చెప్పిన. వాడు మళ్ల నాతోని మాట్లాడలే." మరుసటి వారం నుంచి వీలైనప్పుడల్లా నీమాను తన పాత మారుతిలో మలక్‌పేట తీసుకెళ్లి, బయట కారులోనే కూర్చుని ఉండేవాడు.

డాక్టరు చేతులకు పని చెప్పమన్నప్పుడే కుసుమకు రేకుపెట్టె గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నమే మేడ మీద చాప పరిచి, డ్రాయింగ్ అట్టలు, రంగులు, కత్తెర, పాత ఫ్లానెల్ దుప్పటి ముందు పెట్టుకుంది. దేవదానం పోయాక ఆమె బ్రష్షు ముట్టుకోవడం అదే మొదలు. ఏ కథ బొమ్మలు వేద్దామని అడిగితే నీమా, "గోతిలో పడిన ప్రవక్త కథ" అంది.

ఆ కథ కుసుమకు తెలుసు గాని పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. రాజుకు నచ్చని మాట చెప్పినందుకు ప్రవక్తను ఒక గోతిలోకి దించేస్తారు. అందులో నీళ్లుండవు, బురద ఉంటుంది. ఆయన ఆ బురదలో దిగబడిపోతాడు. కొలువులో ఉన్న ఒక కూషు దేశపు మనిషి, అంటే ఆఫ్రికావాడే, రాజు దగ్గరికి వెళ్లి అడిగి, మనుషులను తీసుకొచ్చి ఆయనను పైకి లాగుతాడు. లాగేముందు పాత గుడ్డలు, చినిగిన బట్టలు తాళ్లతో కిందికి దించుతాడు. తాళ్లు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమంటాడు.

"తాడు వేసేవాళ్లు చాలామంది ఉంటారు మామా" అంది నీమా. "ఆయనకు గుడ్డలు గుర్తొచ్చాయి చూడు."

దొరసానమ్మ పెట్టెలో ఆ ప్రవక్త బొమ్మ ఉంది. ఆ కూషు మనిషి బొమ్మ లేదు. కుసుమ గోధుమరంగులో నలుపు కలిపి అట్ట మీద పులిమింది. నీమా తన చెయ్యి పక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది బూటు పాలిష్. మేమందరం ఒకే రంగనుకున్నావా? మా అమ్మమ్మ ఎర్రమట్టి రంగు. మా నాన్న ఇంకా నీలం. నేను వేరు."

"అయితే నువ్వే కలుపు" అని కుసుమ బ్రష్షు ఇచ్చేసింది. నీమాకు బొమ్మలు వేయడం రాదు. చేతులు కర్రల్లా వచ్చేవి, కాళ్లు ఒకటి పొడుగు ఒకటి పొట్టి. కానీ రంగు కలపడంలో పట్టుదల మనిషి. కొంచెం ఎరుపు, ఇంకొంచెం పసుపు, చిటికెడు నీలం. ఇద్దరికీ వాదులాట. శివమ్మ ఎండు మిరపకాయలు ఆరబోయడానికి వచ్చి చూసి తనూ చాప మీద కూర్చునేది. "గా మనిషికి జర మీసాలు పెట్టున్రి. రాజు కాడ పనిచేసేటోడు గట్ల ఉంటడా?" అంది. మీసాలు పెట్టారు.

ఎండాకాలం పూర్తయ్యేసరికి పెట్టెలో ఇరవైమూడు కొత్త బొమ్మలు చేరాయి. జాలరులు, చేదబావి దగ్గర ఆడవాళ్లు, తెనాలి చుట్టుపక్కల పొలాల్లో కనిపించే మనుషుల్లాంటి ముఖాలు. గొర్రెలకాపరులు గొంగళి తీసేసి నిలబడ్డారు. యేసుప్రభువు బొమ్మ జోలికి మాత్రం కుసుమ వెళ్లలేకపోయింది. ఒకరోజు అట్ట కత్తిరించుకుని, పెన్సిలు పట్టుకుని, పొద్దుగుంకేదాకా కూర్చుని లేచిపోయింది. చిన్నప్పటినుంచి కళ్లు మూసుకుంటే కనిపించిన ముఖం పెట్టెలోని ఆ పాత బొమ్మదే. దువ్వెన పట్టుకుని కూర్చున్న రోజుల్లో మాటలు రాకపోయినా ఆ ముఖం వైపే చూస్తూ కూర్చుంది. నీమాకు కోపమొస్తుందని భయపడింది.

"వదిలెయ్యి మామా" అంది నీమా. "మా ఇంట్లో గోడ మీదా ఆ బొమ్మే. నేను ఏడ్చినప్పుడు నా దగ్గరికీ ఆ ముఖంతోనే వచ్చాడు. ఏం చేస్తాం!" ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఆగస్టులో ఒక ఆదివారం గోతి కథను నీమాయే చెప్పింది, వచ్చీరాని తెలుగులో. గోతి అనడానికి బదులు గొంతు అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె ఆగలేదు. కూషు మనిషిని బోర్డుకు ఒత్తి, దారానికి కట్టిన చింకి గుడ్డపీలికలు మెల్లగా కిందికి దించింది. పిల్లలు ముందుకు వంగి చూశారు. తేజస్విని లేచొచ్చి బొమ్మ బుగ్గ మీదా, తర్వాత నీమా చెయ్యి మీదా వేలు పెట్టి చూసి, "రంగు సేమ్ ఉన్నది" అని వెళ్లి కూర్చుంది.

దాంతో అంతా చక్కబడిపోలేదు. సంఘంలో ఉదయలక్ష్మి అనే పెద్దావిడ, దొరసానమ్మ ఇచ్చిన పవిత్రమైన బొమ్మల్లో ఇవేంటని నెలరోజులు ముఖం ముడుచుకుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుకు నీమా మళ్లీ వెళ్లడానికి ఏడు నెలలు పట్టింది. మొదటిసారి కుసుమా తనూ బయల్దేరి, పూలకొట్టు దాకా వచ్చి వెనక్కి తిరిగారు. రెండోసారి బస్సు ఎక్కారు గాని ఒక స్టాపు ముందు చైతన్యపురిలోనే దిగిపోయారు. మధ్యలో నీమా మాత్రలు మానేసి మళ్లీ మంచాన పడింది కూడా. అయినా పరీక్షలు రాసింది, పాసైంది. 2024 జూన్‌లో వెళ్లిపోయింది. శివమ్మ చింతకాయ తొక్కు సీసాకు మూడు కవర్లు చుట్టి పెట్టెలో దూర్చి, "మీ అమ్మకు గుడ పెట్టు, నిమ్మమ్మా. మెల్లగ తినుమను, మంట ఉంటది" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇప్పుడు నీమా మోషిలో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేస్తోంది. ఆదివారం చర్చి అయ్యాక వాయిస్ మెసేజ్ పెడుతుంది. కుసుమ దాన్ని మేడ మెట్ల మీద కూర్చుని రెండు మూడుసార్లు వింటుంది. ఏప్రిల్‌లో గాలి వీస్తే లేని మామిడి వాసన ఉన్నట్టే అనిపిస్తుంది. దేవదానం ఉండి ఉంటే ఆ పిల్లకు ఎన్ని పళ్లు తెచ్చిపెట్టేవాడో అనుకుంటుంది. బాధగానే ఉంటుంది. కానీ ఆ బాధతో కూర్చోవచ్చు, లేచి వంట చేసుకోవచ్చు.

మొన్న వర్షాలప్పుడు ఒక ఉదయం శివమ్మ పైకొచ్చింది. తలుపు పట్టుకుని నిలబడింది.

"మా బిడ్డ అరుణ కాన్పుకు ఒచ్చింది కదా. పిల్ల పుట్టి నాలుగు నెలలాయె. పిల్లను ఎత్తుకుంటలేదు. గోడ దిక్కు మళ్లి పండుకుంటది. గాలి సోకిందని వాళ్ల అత్త తాయెత్తు కట్టించింది. దర్గకు గుడ తీసుకపోయినం." తలుపు వదిలి లోపలికి వచ్చింది. "నిమ్మమ్మను తీసుకపోయినవ్ గదా, గా డాక్టరమ్మ కాడికి మమ్ముల గుడ తీసుకపోతవా? మేము మీ దేవునోళ్లం కాదు మరి."

"ఆవిడ అదేం అడగదండీ" అంది కుసుమ. "నేనూ ఆవిడ దగ్గరే చూపించుకున్నానని అరుణతో చెప్పి, చీర మార్చుకోమనండి. వస్తున్నాను."

ఆటోలో మలక్‌పేట దాకా అరుణ బయటికే చూస్తూ కూర్చుంది. పసిపిల్ల శివమ్మ ఒడిలో నిద్రపోతోంది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాక అరుణ తల తిప్పకుండానే అడిగింది.

"ఆంటీ, మీరు గుడ నిజంగ ఈడికి ఒచ్చిన్రా?"

"వచ్చానమ్మా. ఒక్కదాన్నే వచ్చాను. ఆ చివరి కుర్చీలో కూర్చున్నాను."

అరుణ ఆ కుర్చీ వైపు చూసింది. తర్వాత తల్లి ఒడిలోని బిడ్డ వైపు చూసింది. లోపల నర్సు ఎవరి పేరో పిలిచింది. వాళ్లది కాదు. వాళ్ల ముందు ఇంకా ముగ్గురున్నారు.